రెండు రూపాయల వడ్డీ మీద లేచే ఇల్లు

ఇందిరమ్మ ఇళ్ల పథకంలో బేస్‌మెంట్ పూర్తయితే లక్ష రూపాయలు ఖాతాలో పడతాయి. ఆ బేస్‌మెంట్ పూర్తి కావాలంటే ముందు చేతిలో లక్ష ఉండాలి. తెలంగాణ పల్లెల్లో ఇప్పుడు ఏ మేస్త్రీని అడిగినా, ఏ లబ్ధిదారుణ్ణి కదిపినా వినిపించే మాట ఇదే. ముగ్గు పోసిన రోజు నుంచి పునాది లేచేదాకా గోతులు తవ్విన కూలీలకు, ఇనుముకు, సిమెంటుకు, కంకరకు, మట్టి తోలిన ట్రాక్టర్లకు డబ్బు ఇంటివాళ్లే చూసుకోవాలి. సొంత ఇల్లు లేదని, ఆదాయం అంతంతమాత్రమని నిర్ధారించాకే ఆ కుటుంబాన్ని ఎంపిక చేశారు. అదే కుటుంబం లక్ష రూపాయలు ముందు పెట్టుకోగలదని పథకం అనుకుంటోంది.

ఈ పథకాన్ని 2024 మార్చి 11న భద్రాచలంలో ప్రారంభించారు. నియోజకవర్గానికి 3,500 ఇళ్లు, ఇంటికి 5 లక్షల సాయం. మొదట ప్రకటించిన లెక్క ప్రకారం బేస్‌మెంట్‌కు లక్ష, గోడలకు లక్ష, స్లాబుకు 2 లక్షలు, ఇల్లు పూర్తయ్యాక మిగిలిన లక్ష. ప్రతి దశలోనూ ఫొటో తీసి యాప్‌లో ఎక్కిస్తేనే బిల్లు కదులుతుంది. దొంగ బిల్లులు ఏళ్ల తరబడి చూసిన రాష్ట్రంలో ఈ జాగ్రత్తను తప్పుపట్టలేం. మండల కేంద్రాల్లో నమూనా ఇళ్లు కట్టి చూపించడం కూడా మంచి పనే. మా అభ్యంతరం డబ్బు వచ్చే వరస మీద. పని ముందు, పైసలు వెనక అన్న ఈ పద్ధతిలో ప్రతి దశకూ మధ్య ఒక ఖాళీ మిగులుతుంది. దాన్ని పూడ్చడానికి ఊళ్లో వడ్డీ వ్యాపారి సిద్ధంగా ఉంటాడు.

నూటికి నెలకు రెండు రూపాయలు. వినడానికి చిన్నగానే ఉంటుంది కానీ ఏడాదికి అది 24 శాతం. మూడు లక్షలు తెస్తే నెలకు 6,000 వడ్డీకే పోతుంది, అసలు అలాగే కూర్చుంటుంది. అదే మూడు లక్షలు బ్యాంకులో 8.5 శాతానికి పదేళ్ల గడువుతో దొరికితే నెల వాయిదా 3,720 రూపాయలు. పదేళ్లకు వడ్డీతో సహా అసలు కూడా తీరిపోతుంది. అంటే ఊళ్లో అప్పు తెచ్చిన కుటుంబం ఎక్కువ కట్టి కూడా అప్పులోనే ఉంటుంది. మూడు రూపాయల వడ్డీకి తెచ్చినవాళ్ల, బంగారం కుదువ పెట్టినవాళ్ల, చిట్టీని నష్టానికి పాడుకున్నవాళ్ల సంగతి వేరే చెప్పాలా?

2025 సెప్టెంబరు 22 నుంచి సిమెంటు మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. ఇల్లు కట్టుకునేవాళ్లకు పెద్ద ఊరట అని అప్పుడు అందరూ రాశారు, మేమూ స్వాగతించాం. చదరపు అడుగుకు 0.4 బస్తా అన్న వాడుక లెక్కన 600 అడుగుల ఇంటికి 240 బస్తాలు పడతాయి. బస్తా 350 రూపాయలు అనుకుని, తగ్గిన పన్ను పూర్తిగా కొనేవాడికే అందిందనుకున్నా బస్తాకు 27 రూపాయల చొప్పున ఇల్లు మొత్తానికి మిగిలేది ఆరున్నర వేలు. పైన చెప్పిన మూడు లక్షల అప్పుకు ఒక్క నెల వడ్డీతో అది సరి. పేదవాడి ఇంటి ఖర్చు తగ్గించాలనుకునే ప్రభుత్వాలు సిమెంటు ధర కంటే ముందు చూడాల్సింది ఈ వడ్డీని.

ఈ ఇబ్బంది పాలకులకు తెలియనిది కాదు. పనులు మొదలుపెట్టలేని లబ్ధిదారులకు మహిళా సంఘాల ద్వారా లక్ష వరకు అప్పు ఇప్పించే ఏర్పాటు తెలంగాణ ప్రభుత్వం చేసింది. ఆంధ్రప్రదేశ్‌లో 1.80 లక్షల యూనిట్ ధరతో మొదలైన పేదల ఇళ్లకు గత ప్రభుత్వం పావలా వడ్డీకి 35 వేల రుణం జోడించింది. ఇప్పటి ప్రభుత్వం 2025లో ఎస్సీ, బీసీ లబ్ధిదారులకు అదనంగా 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలకు లక్ష ప్రకటించింది. సాయం చాలడం లేదని ఒప్పుకోవడమే కదా ఇదంతా. అయినా వరస మారలేదు. మొదటి విడతలో కనీసం సగం ముగ్గు పోసిన రోజే ఖాతాలో వేస్తే ప్రభుత్వం మీద అదనంగా రూపాయి భారం పడదు. ఎలాగూ ఇవ్వాల్సిన డబ్బే నెలా రెండు నెలలు ముందు ఇచ్చినట్టవుతుంది. తీసుకుని పని మొదలుపెట్టని వాళ్లుంటారని అధికారులు భయపడుతున్నారు. ఉంటారు, కొందరు. ఆ కొందరి కోసం మిగిలినవాళ్లందరినీ వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కించడం న్యాయం కాదు.

మరి బ్యాంకుకు వెళ్లొచ్చు కదా అని పట్నంలో కూర్చుని అడగడం తేలిక. ముప్పై లక్షల లోపు గృహరుణాలకు ఆస్తి విలువలో 90 శాతం దాకా ఇవ్వడానికి రిజర్వు బ్యాంకు నిబంధనలు ఒప్పుకుంటాయి. కానీ బ్యాంకు మొదట అడిగేది కాగితాలు. రిజిస్టర్డ్ దస్తావేజు, లింక్ డాక్యుమెంట్లు (అంతకుముందు చేతులు మారిన పత్రాలు), ఈసీ (ఆస్తి మీద లావాదేవీలు, తాకట్లు చూపే ధ్రువపత్రం), అనుమతి పొందిన ప్లాను. మన ఊళ్లలో ఇళ్లున్న నేల ఎక్కువగా గ్రామకంఠం, అంటే ఊరి నివాసాలకు వదిలిన, విడిగా పట్టాలు లేని నేల. తాతల నాటి నుంచి అక్కడే ఉంటున్నా చేతిలో ఉండేది ఇంటి పన్ను రసీదు, కరెంటు బిల్లు. వాటిని చూసి బ్యాంకు మేనేజర్ తల అడ్డంగా ఊపుతాడు. అతణ్ణి అనీ లాభం లేదు, రేపు ఆడిట్‌లో జవాబు చెప్పుకోవాల్సింది అతనే. ఊరి ఇళ్లను డ్రోన్లతో కొలిచి యజమానులకు ప్రాపర్టీ కార్డులు ఇచ్చే స్వామిత్వ పథకాన్ని కేంద్రం 2020 ఏప్రిల్ 24న మొదలుపెట్టింది. ఆలోచన మంచిది. అయితే కార్డు చేతికొచ్చాక ఆ ఊరి బ్యాంకు శాఖ దాన్ని తాకట్టుగా తీసుకుంటుందా లేదా అన్నదే అసలు పరీక్ష. రాష్ట్రస్థాయి బ్యాంకర్ల సమావేశాల్లో పంట రుణాల లక్ష్యాల గురించి గంటలకొద్దీ మాట్లాడతారు. గ్రామకంఠం ఇంటి మీద అప్పు గురించి కూడా ఒక పూట మాట్లాడాలి.

ప్రభుత్వాలను, బ్యాంకులను అన్నాక ఇల్లు కట్టుకునే మనవాళ్లను కూడా ఒక మాట అనాలి. ఏ ఊరికైనా వెళ్లి మిద్దెల మీదికి చూడండి. సగం ఇళ్ల స్లాబుల పైన పిల్లర్ల ఇనుప చువ్వలు మూరెడు పొడవున నిలబడి ఉంటాయి. రేపు పై అంతస్తు వేస్తామన్న ఆశకు గుర్తులవి. పదేళ్లు గడిచినా పై అంతస్తు రాదు. చువ్వలు తుప్పుపట్టి, ఎవరో వాటికి తాడు కట్టి బట్టలారేసుకుంటుంటారు. ఆ చువ్వల కింద ఫుటింగు లోతు పెరిగింది, పిల్లర్ల సైజు పెరిగింది, ఇనుము పెరిగింది. పైన ఎప్పుడూ లేవని ఇంటి కోసం కింద ఇప్పుడే అప్పు చేశారు. గట్టి నేల ఉన్నచోట ఒక అంతస్తు ఇంటికి తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, పైన బెల్టు బీము సరిపోతాయని ఇంజనీర్లు చెబుతూనే ఉన్నారు. నల్లరేగడి నేలల సంగతి వేరు. అక్కడ పునాది దగ్గర పొదుపు చేస్తే గోడలు బీటలిస్తాయి. ఏ నేలకు ఏ పునాదో చెప్పాల్సింది ఇంజనీరు. మన దగ్గర ఆ నిర్ణయం మేస్త్రీ అలవాటుకు, పక్కింటివాళ్లు వేసిన పిల్లర్ల సంఖ్యకు వదిలేస్తున్నాం.

విస్తీర్ణం దగ్గరా ఇదే తంతు. ఇందిరమ్మ ఇల్లు 400 చదరపు అడుగులకు తగ్గకూడదు, 600 దాటకూడదు. ఆ హద్దు దాటి పునాది తీసినవాళ్ల బిల్లులు ఆగిపోయాయి. ‘జీవితంలో ఒక్కసారే కదా కట్టేది’ అన్న మాట ఇంట్లో పెద్దవాళ్లెవరో అంటారు. దాంతో హాలు రెండడుగులు పెరుగుతుంది, ముందు పోర్టికో వస్తుంది, పూజగది విడిగా వస్తుంది. ఆ ఆశను తక్కువ చేసి మాట్లాడే హక్కు ఎవరికీ లేదు. అయితే పెరిగిన ప్రతి అడుగూ ఒక్క స్లాబుతో పోదు. ఫ్లోరింగు, ప్లాస్టరింగు, రంగులు, కరెంటు వైరింగు దాకా పాకుతుంది. నిబంధన పెట్టినవాళ్లు కూడా కొంత ఆలోచించాలి. ముగ్గు పోసేటప్పుడే ఇంజనీరు వచ్చి టేపు పట్టి కొలిస్తే హద్దు దాటే అవకాశమే ఉండదు. పునాది పూర్తయ్యాక వచ్చి ఫొటో తీసి, ఎక్కువైందని బిల్లు ఆపితే ఆ కుటుంబం కట్టింది పగలగొట్టుకోవాలా?

పట్నాల్లో వంద, నూటయాభై గజాల స్థలం కొనుక్కుని ఒక అంతస్తు వేసుకునే చిరుద్యోగుల కష్టం ఇంకో రకం. వాళ్లకు బ్యాంకు అప్పు దొరుకుతుంది, కానీ లెక్క తప్పుతుంది. బ్యాంకు కూడా దశలవారీగానే డబ్బు ఇస్తుంది. ముందు మీ వాటా పెట్టమంటుంది. ఆ వాటాలో చాలామంది రాసుకోనివి కొన్నుంటాయి. బోరు, సంపు, సెప్టిక్ ట్యాంకు, ప్రహరీ, గేటు, కరెంటు మీటరు, బ్యాంకు లీగల్ ఒపీనియన్ ఫీజు, తాకట్టు రిజిస్ట్రేషన్ ఖర్చు, గృహప్రవేశం భోజనాలు, మేస్త్రీలకు పెట్టే బట్టలు. ఇవన్నీ కలిపితే లక్షల్లోకి వెళ్తుంది. స్లాబు పడేసరికి చేతిలో డబ్బయిపోయి, తలుపుల్లేని ఇంట్లోకి పరదాలు కట్టుకుని దిగేవాళ్లు ఏ కాలనీలో చూసినా ఉన్నారు. ఒక పక్క అద్దె, ఇంకో పక్క వాయిదా, ఆ రెండింటి టెన్షన్ భరించలేకే దిగుతారు.

వీళ్లలో కొందరికి తెలియని సాయం ఒకటుంది. 2024లో వచ్చిన ప్రధానమంత్రి ఆవాస్ యోజన పట్టణ రెండో విడతలో, ఏడాదికి 9 లక్షల లోపు ఆదాయం ఉండి దేశంలో ఎక్కడా పక్కా ఇల్లు లేని కుటుంబాలకు వడ్డీ రాయితీ ఉంది. 35 లక్షల లోపు విలువైన ఇంటికి, 25 లక్షల లోపు రుణానికి, మొదటి 8 లక్షల మీద 4 శాతం చొప్పున, గరిష్ఠంగా 1.80 లక్షలు ఐదు విడతల్లో వస్తుంది. రుణం కోసం కూర్చున్నవాడికి బీమా పాలసీ అంటగట్టేటప్పుడు చూపించే చొరవను బ్యాంకు సిబ్బంది ఈ రాయితీ చెప్పడంలో కూడా చూపిస్తే బాగుంటుంది. 2025లో రిజర్వు బ్యాంకు, బ్యాంకులకు తానిచ్చే అప్పు మీద తీసుకునే వడ్డీ అయిన రెపో రేటును నాలుగు దఫాలుగా 6.50 నుంచి 5.25 శాతానికి దించింది. మీ పాత రుణం రెపోకు ముడిపడి ఉందో, ఇంకా బ్యాంకు తన ఖర్చుల లెక్కన వేసుకునే ఎంసీఎల్ఆర్ రేటులోనే ఉందో ఒకసారి అడిగి తెలుసుకోండి. పాతదాంట్లో ఉంటే కొద్దిపాటి ఫీజు కట్టి మారవచ్చు. ఫ్లోటింగ్ (మారుతూ ఉండే) వడ్డీ గృహరుణాన్ని ముందే తీర్చేస్తే వ్యక్తుల నుంచి జరిమానా తీసుకోకూడదన్న నిబంధన కూడా ఉంది.

పల్లె అయినా పట్నం అయినా అందరికీ లేనిది ఒకటే, రాతపూర్వక అంచనా. పెళ్లి పత్రిక వెనకాల మేస్త్రీ వేసిన నాలుగు అంకెలే చాలా ఇళ్లకు ఎస్టిమేటు. ‘అడుగుకు ఇంత’ అని మాట అనుకుంటారు. ఆ అడుగు ఎక్కడి నుంచి ఎక్కడికి అన్నది మాత్రం అనుకోరు. ఇంటాయన గోడల లోపలి కొలత లెక్కేసుకుంటాడు, మేస్త్రీ స్లాబు అంచు దాకా, పోర్టికోతో సహా కొలుస్తాడు. మెట్లు అందులోనేనా, సంపు, లాఫ్టులు, పిట్టగోడ విడిగానా అన్నది స్లాబు పడ్డాక గొడవగా బయటికొస్తుంది. అప్పటికి సెంట్రింగ్ అద్దె రోజురోజుకూ పెరుగుతుంటుంది కాబట్టి ఇంటాయన ఒప్పుకోక తప్పదు. ఇక్కడ ఎవరి మోసమూ ఉండనక్కర్లేదు. కాగితం లేకపోవడమే చాలు.

ఈ కాగితం తయారుచేయడం పెద్ద పనేం కాదు. గ్రామ సచివాలయాల్లో ఇంజనీరింగ్ అసిస్టెంట్లు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నారు. తెలంగాణలో గృహనిర్మాణ శాఖ ఏఈలు (అసిస్టెంట్ ఇంజనీర్లు) మండలాల్లో తిరుగుతున్నారు. ప్రతి లబ్ధిదారుకూ ముగ్గు పోయకముందే నాలుగు పేజీల అంచనా పత్రం ఇవ్వాలని మేము కోరుతున్నాం. ఎన్ని బస్తాల సిమెంటు, ఎన్ని క్వింటాళ్ల ఇనుము, ఎన్ని ఇటుకలు, ఏ దశకు ఎంత డబ్బు ముందుగా కావాలి, లేబరు కొలత ఎలా కట్టాలి అన్నవి అందులో తెలుగులో ఉండాలి. మేస్త్రీ, ఇంటివాళ్లు ఇద్దరూ దాని మీద సంతకం పెట్టాలి. ఆ పత్రం చూసి మహిళా సంఘమో బ్యాంకో మొదటి దశ డబ్బు ఇచ్చేలా, ప్రభుత్వ విడత రాగానే ఆ అప్పు దానంతటదే తీరేలా ఏర్పాటు ఉండాలి. బిల్లు చెప్పిన గడువులోగా పడకపోతే ఆ ఆలస్యానికి వడ్డీ ప్రభుత్వమే కట్టాలి. గృహరుణం తీరాక ఆస్తి పత్రాలు 30 రోజుల్లో తిరిగి ఇవ్వకపోతే రోజుకు 5,000 రూపాయలు చెల్లించాలని రిజర్వు బ్యాంకు 2023లో బ్యాంకులను ఆదేశించింది. ఆలస్యానికి ధర కట్టడం బ్యాంకుల విషయంలో సాధ్యమైనప్పుడు, ప్రభుత్వ గృహనిర్మాణ సంస్థల విషయంలో ఎందుకు కాదో రెండు రాష్ట్రాల మంత్రులు చెప్పాలి.