వంశధార వాటాల్లో గెడ్డ ఒడ్డుకు చోటేదీ?

వంశధార నీళ్ళ కోసం ఒడిశా, ఆంధ్ర ఏళ్ల తరబడి తగవులాడాయి. 2017లో ట్రిబ్యునల్ చెరి సగమని తేల్చింది: గొట్టా బ్యారేజీ దగ్గర లభించే 115 టీఎంసీల్లో ఒక్కొక్కరికి 57.5. ఆ నీళ్ళను నదికి చేర్చే గెడ్డల, అంటే వాగుల ఒడ్డు సంగతి మాత్రం ఆ తగవులో పెద్దగా వినబడలేదు.

ఒడిశాలోని రాయగడ జిల్లాలో గుణుపురం, పద్మపురం వైపు పత్తి చేలు చూడండి. చాలాచోట్ల ఆఖరి సాలు గెడ్డ అంచునే ఉంటుంది. తొలకరి పడగానే మట్టి, యూరియా, కలుపు మందు కలిసి నేరుగా నీళ్ళలోకి దిగుతాయి. స్ప్రేయర్ ట్యాంకు కడిగేదీ అక్కడే, దిగువన పశువులు తాగేదీ ఆ నీళ్ళే. రైతును తిట్టి లాభం లేదు. పట్టా భూమిలో నాలుగు సాళ్ళు వదులుకోమంటే ఆ నష్టం ఎవరు భరిస్తారు?

ఒడ్డున చెట్లుంటే గట్టు కోసుకుపోదని ఊళ్ళో ఎవరినడిగినా చెబుతారు. నీడ చేసే మేలు అంతకన్నా పెద్దది. నీడ పడితే వేసవిలోనూ నీళ్ళు చల్లగా ఉంటాయి, చల్లటి నీళ్ళలో ఆక్సిజన్ ఎక్కువ నిలుస్తుంది. రాలిన ఆకును పురుగులు తింటాయి, వాటిని చేపలు, కప్పలు తింటాయి. రాళ్ళ సందుల్లో బురద పేరుకుంటే మాత్రం చేప గుడ్లకు ఊపిరాడదు. చేలోంచి వచ్చే వరద గడ్డి, పొదల మధ్య నెమ్మదించి ఆ మట్టిని అక్కడే దించేస్తుంది. ఎరువులోని నైట్రేటులో చాలా భాగాన్ని వేళ్ళు, తడినేలలోని సూక్ష్మజీవులు అడ్డుకుంటాయి. నీటి జీవాలు నిలవాలంటే ఇరువైపులా 30 మీటర్ల అడవి కావాలంటారు పరిశోధకులు. చిన్న కమతాల దగ్గర అంత కుదరదు, పది మీటర్లు దొరికినా మట్టి చాలావరకు ఆగుతుంది.

మొక్కలంటే మళ్ళీ నీలగిరి, సుబాబుల్ వరుసలు వేయకండి. అవి కాగితం మిల్లు పంట. నాలుగైదేళ్ళకు నరికేస్తే గట్టు మళ్ళీ బోసిపోతుంది. మద్ది, నేరేడు, మేడి, కానుగ, వెదురు కావాలి. మోళ్ళు మిగిలిన చోట నాటనక్కర్లేదు కూడా. మేకల్ని, మంటని కొన్నేళ్ళు ఆపితే అవే చిగురిస్తాయి.

నీటి వనరులను కాపాడే అధికారం 2006 అటవీ హక్కుల చట్టం ఐదో సెక్షన్ గ్రామసభకు ఇచ్చింది. 2013లో ఈ వైపు నియమగిరి కొండల్లో బాక్సైట్ తవ్వకాన్ని, అడిగిన 12 గ్రామసభలూ వద్దన్నాయి. అంత బరువు మోసిన సభలకు గెడ్డ ఒడ్డు అప్పగించడానికి సందేహమెందుకు? ఒడ్డు వదిలిన రైతుకు ఏటా పరిహారం ఇవ్వాలి. అందులో సగం ఆంధ్ర ప్రభుత్వం పెట్టాలని నేను గట్టిగా అంటాను. ఇక్కడ కోసుకుపోయిన మట్టి వెళ్ళేది దిగువన ఆంధ్రలోని హిరమండలం జలాశయం వైపే మరి.