సవరణ: గోవా విముక్తి నాటి పోర్చుగల్ ప్రధాని కైటానో కాదు

1961 డిసెంబర్‌లో మన సైన్యం గోవాలో అడుగుపెట్టినప్పుడు పోర్చుగల్ ప్రధాని మార్సెలో కైటానో అని మొన్నటి పోస్టులో రాశాను. తప్పు. అప్పటి ప్రధాని సలజార్. పోర్చుగల్ చరిత్ర పుస్తకంలో పదవీకాలాలు చూస్తే తేలింది. చూడకుండా రాయడం నా పొరపాటే.

అప్పుడు కైటానో లిస్బన్ విశ్వవిద్యాలయం రెక్టార్, అంటే మన వైస్ ఛాన్సలర్ లాంటి పదవి. స్వతహాగా లా ప్రొఫెసర్. 1962లో పోలీసులు విద్యార్థుల మీద పడితే ఆ పదవికి రాజీనామా చేశారు. ప్రధాని అయింది 1968 సెప్టెంబర్‌లో, సలజార్ మంచాన పడ్డాకే. 1974 ఏప్రిల్ 25న సైన్యం తిరగబడితే లిస్బన్‌లోని కార్మో బ్యారక్స్‌లో తలదాచుకున్నారు. బయట సాయుధ వాహనాలు, ఇసుక వేస్తే రాలనంత జనం. సాయంత్రానికి జనరల్ స్పినోలాకు అధికారం అప్పగించేశారు. చివరికి బ్రెజిల్ చేరి, 1980లో రియోలో చనిపోయారు.

సలజార్ కూడా కోయింబ్రాలో ప్రొఫెసరే, నేను తికమకపడింది అక్కడే. ఇంకోటి, 2016లో అధ్యక్షుడైన మార్సెలో రెబెలో డి సౌజా వేరే మనిషి. ఆయనా లా ప్రొఫెసరే కావడం మన ఖర్మ!