నాలుగు చుట్లు తిరిగి ఆగిపోయిన బోల్టు గారికి

మహారాజశ్రీ సిక్స్ ఎంఎం బోల్టు గారి సముఖమునకు,

మీరక్కడ మా మైక్ సెట్టు హారన్‌లో కులాసాగా ఇరుక్కుని ఉన్నారని తలుస్తాను. నిన్న మధ్యాహ్నం పన్నెండు నుంచి ఐదింటి దాకా నేనెక్కడ ఉన్నానో మీకు తెలిసే అవకాశం లేదు కాబట్టి ఈ ఉత్తరం.

సికింద్రాబాద్‌లో, ఇనప సామాన్ల బజారు రాణీగంజ్‌లో ఉన్నాను. హారన్ వెనక బిగించే, చప్పుడు పుట్టించే యూనిట్‌ని, పది కిలోలకు తగ్గనిదాన్ని, గోనెసంచిలో పెట్టి, చంటిపిల్లాడిలా భుజానేసుకుని, షాపు షాపుకీ తిరుగుతున్నాను. సాయంత్రం ఏడింటికి పెళ్ళి. ఐదున్నరకల్లా సౌండ్ చెక్ చేస్తానని పెళ్ళికూతురి తండ్రికి మాటిచ్చాను. అన్నీ ఉన్నాయి. ఆంప్లిఫయర్లున్నాయి, బేస్ డబ్బాలున్నాయి, జనరేటరుంది. లేనివి ఎనిమిది బోల్టులు.

తప్పు నాదే అనుకోండి. పడగొడుతున్న పాత సినిమా హాల్లో, తెర వెనకాల ఉన్న రెండు యూనిట్లు చూసి మనసు పడ్డాను. అమెరికా నమూనావి. టూ ఇంచ్ నోరు, ఆ నోటి చుట్టూ నాలుగు రంధ్రాలు, ఎదురెదురు రంధ్రాల మధ్య నాలుగు అంగుళాలు. కొత్త హారన్ మీద కూడా అదే కొలత. పక్కపక్కన పెడితే ఒకదానికోసమే రెండోది పుట్టినట్టు కుదిరాయి. జాతకాలు కలిశాయి కదా అని ముందుకెళ్ళాను. మీ సంగతి అడగాలని ఎవరికి తోస్తుంది?

మిమ్మల్ని చేతిలోకి తీసుకున్నది మా మేనల్లుడు. వేళ్ళతో తిప్పితే ఎంత వినయంగా లోపలికి వెళ్ళారండీ! మొదటి చుట్టు, రెండో చుట్టు. "ఎక్కుతోంది మామా, ఎక్కుతోంది!" మూడో చుట్టుకి కొంచెం బిగిశారు. బిగుస్తోందంటే పడుతోందనే కదా అని వాడు పదో నంబర్ స్పానర్ తీశాడు. నాలుగో చుట్టు. "కిర్" మని చిన్న చప్పుడు. ఆ తర్వాత ముందుకీ లేదు, వెనక్కీ లేదు. తల అర అంగుళం బయట పెట్టుకుని అలాగే నిలబడిపోయారు.

నా బాధంతా ఇక్కడే. మీరు పట్టరు, సరే. లోకంలో పట్టని బోల్టులు లక్ష ఉన్నాయి, వాటి మీద నాకేం కోపం లేదు. ఎనిమిది ఎంఎం బోల్టు ఉంది, మర్యాదస్తుడు, గుమ్మం దగ్గరే "నేను కాదు బాబూ" అని చెప్పేస్తాడు. మీరలా కాదు. అద్దెకి ఇల్లు చూడ్డానికి వెళ్తే లోపలికి పిలిచి, కుర్చీ వేసి, మంచినీళ్ళిచ్చి, ఊరూ పేరూ గోత్రం అన్నీ అడిగి, చివర్లో "మీకివ్వమండీ" అంటాడే ఓనరు, ఆ టైపు. ఏడడుగులు వేయక్కర్లేదు, నాలుగు చుట్లు తిరిగాక మొండికేయడం ఏ శాస్త్రంలో ఉంది? ఎక్కనప్పుడు ఎక్కనని మొదటి చుట్టులోనే చెప్పడానికి నీకేం రోగం?

క్షమించాలి. నోరు జారాను.

లెక్క తర్వాత తెలిసింది. మీరు ఒక చుట్టు తిరిగితే సరిగ్గా 1 మిల్లీమీటరు దిగుతారు. ఆ రంధ్రంలో మరలు, అంటే లోపలి చుట్ల గాట్లు, అంగుళానికి 20, అంటే ఒక్కో చుట్టుకి 1.27 దిగమంటుంది. లావులో తేడా 0.35 మిల్లీమీటరే. ఆ కాస్త వదులు వల్ల మొదటి రెండు చుట్లు మీ బండారం బయటపడదు. పైన మోసం, లోపల కొట్లాట.

రాణీగంజ్‌లో మొదటి షాపాయన నన్ను అడిగిన మొదటి మాట, "శాంపిల్ బోల్టు తెచ్చారా?" అయ్యా, శాంపిల్ బోల్టు ఉంటే బోల్టు కోసం ఎందుకొస్తాను? రెండో షాపులో ఎనిమిది అంటే నవ్వి, కిలో లెక్కన అమ్ముతామన్నారు. మూడో షాపు లంచ్‌కి మూసి ఉంది. పార్కింగ్ గురించి ఏమీ రాయను, ఈ ఉత్తరం పిల్లలు కూడా చదవొచ్చు.

చివరికి నన్ను గట్టెక్కించింది సందు చివర లేత్ షాపులో ఉన్న చాచా. సంచి విప్పకముందే, "దాన్ని గడప అవతల పెట్టు బేటా" అన్నాడు. నిజమే. అంత అయస్కాంతాన్ని లేత్ దగ్గరికి తెస్తే నేల మీదున్న ఇనుప రజను అంతా లేచొచ్చి దాని నోట్లో పడుతుంది. కాయిల్ సందులో రజను చేరిందంటే ఇక పాట పాడదు, గరగరమని గొంతు సవరించుకోవడమే. పెద్దాయన మరల మధ్య దూరం చూసే పిచ్ గేజ్ పట్టుకుని గడప దాటి వచ్చి, రంధ్రంలో పళ్ళు ఆనించి చూసి తల ఊపాడు. "సిక్స్ ఎంఎం కాదు. రెండు సూత్."

రెండు సూత్ అంటే పావంగుళం. 1841లో విట్‌వర్త్ అనే ఇంగ్లీషు ఇంజినీరు మర కోణం 55 డిగ్రీలుండాలన్నాడు. 1864లో అమెరికాలో సెల్లర్స్ అనే ఆయన కాదు 60 అన్నాడు. దాయాదుల తగాదా. అయినా పావంగుళం దగ్గరికొచ్చేసరికి ఇద్దరూ అంగుళానికి 20 మరల మీదే నిలబడ్డారు. అందుకే అమెరికా రంధ్రంలో ఇంగ్లీషు బోల్టు కొంచెం బిగువుగానైనా చివరిదాకా వెళ్తుంది. మన దేశం 1956లో చట్టం చేసి మెట్రిక్‌కి మారింది. రాణీగంజ్‌కి ఆ కబురు సగమే అందింది, నా అదృష్టం. మీ మెట్రిక్ వంశం ఎంత శాస్త్రీయమైనదైనా, నన్ను ఆదుకున్నది మాత్రం ఆ సూత్ లెక్కే.

అంతటితో అయిపోలేదు. రంధ్రం లోతు అగ్గిపుల్ల పెట్టి కొలిస్తే 12 మిల్లీమీటర్లు, హారన్ మందం 9. ముప్పావు అంగుళం బోల్టు కావాలి. దొరికేవి అర, ఒకటి. అర అంగుళం పెడితే మూడు మరలకు మించి పట్టవు. అంగుళం పెడితే అడుగు తగిలి బిగిసినట్టే ఉంటుంది, పైన హారన్ మాత్రం ఊగుతూ ఉంటుంది. మధ్యలో గాలి లీకై సన్నాయి పై స్థాయికి వెళ్ళినప్పుడల్లా జర్రుమంటుంది. పెళ్ళివాళ్ళు సన్నాయి మేళాన్ని తిడతారు, మేళం వాళ్ళు నన్ను తిడతారు.

చాచా ఒక్కో అంగుళం బోల్టుకీ ముందు నట్టు ఎక్కించి, ఆ తర్వాత హాక్సాతో కోశాడు. కోసిన అంచుని ఆకురాయితో రుద్ది నట్టుని వెనక్కి విప్పాడు. నట్టు వస్తూ వస్తూ దెబ్బతిన్న మరని సరిచేసుకుంటూ వచ్చింది. ఒక్కోటీ గుడ్డతో తుడిచి నా అరచేతిలో పెట్టాడు. ఇంకా వెచ్చగా ఉన్నాయి. డబ్బులెంతంటే చాయ్ చెప్పమన్నాడు.

ఆరున్నరకి సైకిల్ ట్యూబు కత్తిరించిన గ్యాస్కెట్ పెట్టి బిగించాం. వాటి తలకి పదో నంబర్ పట్టలేదు, పదకొండు వెతకాల్సొచ్చింది, అది వేరే కథ. ఏడుం పావుకి మేళం మొదలైంది. ఎక్కడా జర్రు లేదు. పెళ్ళికూతురి తండ్రి నాకేసి చూసి ఏమీ అనలేదు. నా వృత్తిలో అంతకన్నా పొగడ్త లేదు.

ఇట్లు,
కిలో బోల్టులు కొని ఏడు వాడిన,
మైక్ సెట్టు వాడు

తా.క.: ఎనిమిది కాదు, ఏడే. ఎనిమిదో చోట మీరింకా ఉన్నారు. ఆ యూనిట్ మూడు బోల్టుల మీదే పెళ్ళంతా పాడింది. ఇవాళ పొద్దున కిరసనాయిలు పోసి గంటసేపు ఆగి మళ్ళీ తిప్పి చూశాను. స్పానర్ జారి నా బొటనవేలు చీరుకుంది. మీరు కదల్లేదు.