అర్రే గారికి ఒక మొర

మాదాపూర్, రాత్రి పదకొండున్నర.

ప్రోగ్రాముల్లో జాబితాలు దాచే పెట్టెగా పుట్టి, బ్రాకెట్లో బ్రాకెట్, అందులో ఇంకో బ్రాకెట్‌గా వర్ధిల్లుతున్న అర్రే గారికి నమస్కారాలు.

మా ఇంట్లో వంటగది తలుపు వెనకాల ఒక కవరు వేలాడుతుంటుంది. అందులో కవర్లు, వాటిలో ఇంకా చిన్న కవర్లు, అట్టడుగున ఎప్పటిదో జీలకర్ర పొట్లం. మిమ్మల్ని చూసినప్పుడల్లా అదే గుర్తొస్తుంది. కాకపోతే జీలకర్ర కోసం అమ్మ ఎన్నడూ రిలీజ్ డేట్ పెట్టలేదు.

నాకు కావాల్సింది నాలుగు బస్‌స్టాపుల పేర్లు. సర్వర్ నుంచి మీరు దిగిన తీరు ఇదీ:

[మియాపూర్, [కూకట్‌పల్లి, [[ఎర్రగడ్డ]], [[[అమీర్‌పేట]]]]]

జావాస్క్రిప్ట్ ప్రోగ్రాములు నడిపే నోడ్‌లో ప్రింట్ చేస్తే కాస్త లోతుకెళ్ళాక పేర్లు మానేసి ఉత్త ‘అర్రే’ అని చూపించింది. నేనూ అదే అన్నాను.

సరే, జావాస్క్రిప్ట్‌లో పొరలు విప్పే ‘ఫ్లాట్’ అనే ఫంక్షన్ ఉందిగా అని పిలిచాను. హైదరాబాద్‌లో ఫ్లాట్ అంత సులువుగా దొరుకుతుందా? ఒక్క పొర ఊడింది, కూకట్‌పల్లి బయటపడింది. మూడోసారికి ఎర్రగడ్డ. నాలుగోసారికి గానీ అమీర్‌పేట రాలేదు, ట్రాఫిక్‌లో ఇరుక్కున్న సిటీ బస్సు నయం. అన్ని పొరలూ ఒకేసారి పోవాలంటే లోతు దగ్గర ‘ఇన్ఫినిటీ’ అని రాసివ్వాలట. నాలుగు స్టాపులకి అనంతం!

ఆ ఫ్లాట్ కూడా 2019లో గానీ జావాస్క్రిప్ట్ ప్రమాణాల్లోకి రాలేదు. ముందు ‘ఫ్లాటెన్’ అనుకున్నారు. మూటూల్స్ అనే పాత కోడ్ లైబ్రరీ ఆ పేరు ఎప్పుడో వాడేసుకుంది, కొత్తది పెడితే పాత సైట్లు పాడవుతాయని 2018లో పెద్ద రచ్చ. ‘స్మూష్’ అని పెడదామని ఒకాయన జోక్ కూడా వేశాడు. మన నామకరణాలే నయం, మేనత్త అలిగితే చాలు, మారుస్తారు.

పక్క సీట్లో పైథాన్ భాషలో రాసే అన్న నవ్వాడు, తన దాంట్లో అదైనా లేదని మర్చిపోయి. పొరలు విప్పుకుంటూ పోయే ఫంక్షన్ సొంతంగా రాసుకున్నాడు. అది ‘మియాపూర్’నీ విప్పింది, ‘మి’ని విప్పింది, చివరికి ఒక్క అక్షరం మిగిలింది. దాన్ని విప్పితే మళ్ళీ అదే అక్షరం. ఫంక్షన్ అలా తనని తానే పిలుచుకుంటూ పోతే పైథాన్ మామూలుగా వెయ్యి సార్ల దాకా ఓర్చుకుంటుంది, ఆ తర్వాత చేతులెత్తేసింది. అన్న చాయ్‌కి లేచాడు.

మొత్తానికి మిమ్మల్ని చదును చేసి పంపాను. ఇప్పుడే క్లయింట్ నుంచి మెసేజ్: “బాగుంది. ఏ స్టాపు ఏ రూటుదో తెలియట్లేదు, గ్రూపులు కట్టి ఇస్తారా?”

ఇట్లు,
[[[మీ విధేయుడు]]]