గండిపేట వ్యూకి ఎస్ఎఫ్‌టీ రేటెంత?

నార్సింగి నుంచి గండిపేట దాకా వెళ్తూ రోడ్డు పక్క హోర్డింగులు చూడండి. ప్రతి మూడోదాని మీద నీళ్లే. నీలంగా మెరిసే నీళ్లు, పైన రెండు కొంగలు, బాల్కనీలో కాఫీ కప్పులతో ఓ జంట. హాలు ఎంత, కిచెన్‌లో ఇద్దరు పడతారా అన్నది ఆ బొమ్మలో ఎక్కడా ఉండదు. అక్కడ అమ్ముతున్నది చెరువుని. ఆ చెరువు బిల్డర్ తవ్వించింది కాదు. 1908లో మూసీ హైదరాబాద్‌ని ముంచెత్తాక, మళ్లీ అలా జరగకూడదని, పనిలో పనిగా తాగునీళ్లు కూడా దొరుకుతాయని నిజాం సర్కారు కట్టించి 1920లో పూర్తి చేసిన ఉస్మాన్‌సాగర్, మనం గండిపేట చెరువనేది అదే. వందేళ్ల కింద ఊరు తన డబ్బుతో కట్టుకున్న ఆస్తిని ఇప్పుడు 'ప్రిఫరెన్షియల్ లొకేషన్ ఛార్జీ' అని పేరు పెట్టి ఎస్ఎఫ్‌టీకి (చదరపు అడుగుకి) ఇంతని మన దగ్గరే లాగుతున్నారు.

ముందే చెప్తున్నా, ఈ ఏరియా బాగాలేదని నేననట్లేదు. బాగుంది కాబట్టే ఈ పోస్టు. ఊరికే దొరికేదానికి లక్షలు పోయడం, అదే చెరువు వల్ల మెడకి చుట్టుకునే షరతుల్ని మాత్రం చూడకపోవడం, ఈ రెండిటి మీదే నా గొడవ.

ఇక్కడ నిజంగా ఏమున్నాయంటే: ఔటర్ రింగ్ రోడ్డు వెంట సోలార్ కప్పు కింద సైకిల్ ట్రాక్ ఉంది. 2023 అక్టోబర్‌లో తెరిచారు. నానక్‌రామ్‌గూడ నుంచి పోలీస్ అకాడమీ దాకా ఎనిమిదిన్నర కిలోమీటర్లు, నార్సింగి నుంచి కొల్లూరు దాకా పద్నాలుగున్నర, మొత్తం 23. ఎండలోనూ వానలోనూ తొక్కొచ్చు. మంచిరేవులలో 256 ఎకరాల ఫారెస్ట్ ట్రెక్ పార్క్ ఉంది. అటువైపు చిలుకూరు బాలాజీ, దాని పక్కనే మృగవని నేషనల్ పార్క్. ఇటు వస్తే తారామతి బారాదరి, కాస్త దూరంలో గోల్కొండ. చెరువు గట్టు దగ్గర హెచ్‌ఎండీఏ పార్కు. వీటిలో సగం ఫ్రీ, మిగతా సగానికి చిన్న టికెట్. అల్కాపూర్ టౌన్‌షిప్‌లో పాత ఐదంతస్తుల అపార్ట్‌మెంట్‌లో ఉండేవాడికీ ఇవన్నీ అంతే దగ్గర. మీ 30వ అంతస్తు ఫ్లాట్ నుంచి లిఫ్ట్ దిగి, మూడు బేస్‌మెంట్లు దాటి, గేటు బయటికొచ్చేసరికి అతను పార్కు గేటు దగ్గరుంటాడు.

ఇక వ్యూ లెక్క. లెక్క కోసమే అనుకోండి, ఎస్ఎఫ్‌టీ 9,000, సేలబుల్ ఏరియా (బిల్డర్ రేటు కట్టే మొత్తం విస్తీర్ణం) 1,800. అంటే 1.62 కోట్లు. దీని మీద లేక్ ఫేసింగ్ ఛార్జీ ఎస్ఎఫ్‌టీకి 300 అన్నారు, 5.4 లక్షలు. ఐదో అంతస్తు దాటాక అంతస్తుకి 30 చొప్పున ఫ్లోర్ రైజ్. మీది 25వ అంతస్తయితే 600 ఇంటూ 1,800, అంటే 10.8 లక్షలు. వ్యూ కోసమే 16.2 లక్షలయ్యింది. కట్టడం పూర్తికాని ఫ్లాట్ కాబట్టి 5 శాతం జీఎస్టీ, ఇప్పటి లెక్కన రిజిస్ట్రేషన్‌కి అన్నీ కలిపి ఏడున్నర శాతం. ఆ పదహారు కాస్తా 18.2 అయ్యింది. 18 లక్షలకి 8.5 శాతం వడ్డీతో ఇరవై ఏళ్ల ఈఎంఐ వేసి చూడండి, నెలకి దాదాపు 15,600. కిటికీలోంచి చెరువు చూడ్డానికి నెల నెలా కట్టే అద్దె అది. ఆ ఛార్జీ కూడా మీరు తిరిగే 1,200 అడుగుల మీద కాదు, లాబీ, మెట్లు, లిఫ్ట్ షాఫ్ట్, క్లబ్‌హౌస్ కలిపిన 1,800 మీద. లిఫ్ట్ షాఫ్ట్‌లోంచి చెరువెలా కనపడుతుందో వాళ్లే చెప్పాలి.

అసలు రేటు తెలియాలంటే రెరా (రియల్ ఎస్టేట్ నియంత్రణ సంస్థ) వెబ్‌సైట్‌లో ప్రాజెక్ట్ పేజీ తెరిచి కార్పెట్ ఏరియా, అంటే ఇంటి లోపలి వైశాల్యం, చూడండి. చదరపు మీటర్లలో ఉంటుంది, 10.764తో గుణించండి. 112 చదరపు మీటర్లుంటే 1,205 ఎస్ఎఫ్‌టీ. 1.62 కోట్లని దాంతో భాగిస్తే 13,400 పైమాటే. బాల్కనీ ఇందులో కలవదు, లోపలి గోడలు కలుస్తాయి. రెండు ప్రాజెక్టుల్ని పోల్చాలంటే ఈ అంకెతోనే పోల్చండి. సేలబుల్ రేటుతో పోల్చితే ఎక్కువ లోడింగ్ (కార్పెట్ మీద కలిపే లాబీ, మెట్ల వాటా) వేసినవాడే చవగ్గా కనిపిస్తాడు.

సరే, డబ్బు కట్టేశారు, వ్యూ వచ్చింది. కోకాపేట, నార్సింగి నుంచి చూస్తే చెరువు పడమర వైపు. లేక్ వ్యూ అంటే మధ్యాహ్నం రెండు నుంచి సూర్యాస్తమయం దాకా ఎండ నేరుగా హాల్లోకి. నిలువెత్తు అద్దాలు కూడా పెట్టారంటే ఏప్రిల్, మే నెలల్లో రోజంతా కర్టెన్లు మూసి ఏసీ వేసుకుని కూర్చోవాలి. బ్రోచర్‌లో ఆ జంట కాఫీ తాగేది కచ్చితంగా డిసెంబర్‌లోనే. కొనేముందు సైట్ విజిట్ మేలో, మధ్యాహ్నం మూడింటికి పెట్టమనండి. సేల్స్‌వాళ్లు ఉదయం పదకొండుకి రమ్మంటారు.

అసలు ఆ వ్యూ ఎన్నాళ్లుంటుంది? మీకూ చెరువుకీ మధ్య ఖాళీ స్థలం ఉంటే అది ఎవరిదో కనుక్కోండి. 2023 ఆగస్టు వేలంలో కోకాపేట నియోపోలిస్‌లో ఒక ప్లాటు ఎకరం 100.75 కోట్లకి పోయింది. అంత పెట్టి కొన్నవాడు అక్కడ ఐదంతస్తులు కట్టి ఊరుకుంటాడా? తెలంగాణలో ఎఫ్‌ఎస్‌ఐ పరిమితి, అంటే స్థలానికి ఎన్ని రెట్లు కట్టొచ్చన్న హద్దు, లేదు. రోడ్డు వెడల్పు, సెట్‌బ్యాక్‌లు, ఫైర్, ఎయిర్‌పోర్ట్ అనుమతులు సరిపోతే ఎంత ఎత్తయినా లేపొచ్చు. మీ వ్యూ పోయిందని ఆ కట్టినవాడి మీద కేసు వేయలేరు. చట్టంలో వ్యూకి హక్కు లేదు. పైగా ఇక్కడ నేలంతా గ్రానైట్ రాయి. పక్క ప్లాటులో బేస్‌మెంట్ మొదలయ్యిందంటే బ్లాస్టింగ్, దుమ్ము, టిప్పర్లు, ఇవన్నీ నాలుగైదేళ్లు మీ వ్యూలో భాగం.

ఎత్తు పెరిగేకొద్దీ మన వాటా భూమి కరిగిపోతుంది. ఐదెకరాలంటే 24,200 గజాలు. అందులో వెయ్యి ఫ్లాట్లు లేస్తే సగటున తలకి 24 గజాలు. వెయ్యి గజాల్లో ఇరవై ఫ్లాట్ల పాత బిల్డింగ్‌లో తలకి 50 గజాలు. ముప్ఫై ఏళ్ల తర్వాత బిల్డింగ్ పాతబడి ధర తగ్గినా మిగిలేది ఆ గజాలే. అయినా రీసేల్ పాత ఫ్లాట్ అంటే జనం ముఖం చిట్లిస్తారు.

ఇప్పుడు అసలు భయం, ఎఫ్‌టీఎల్. 2024 జులైలో హైడ్రా (చెరువుల ఆక్రమణల్ని తొలగించే సర్కారీ సంస్థ) ఏర్పడ్డాక ఈ మాట అందరి నోటా వినపడుతోంది, అర్థం మాత్రం సగం మందికే తెలుసు. ఫుల్ ట్యాంక్ లెవల్, అంటే చెరువు నిండుగా ఉన్నప్పుడు నీళ్లు నిలిచే గీత అది. ఉస్మాన్‌సాగర్‌కి 1,790 అడుగులు. 2012 నాటి జీవో 168 ప్రకారం పది హెక్టార్లు, ఆపైన ఉన్న చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్న కుంటైతే 9 మీటర్లు బఫర్, అంటే ఏమీ కట్టకూడని స్థలం. పది మీటర్లకి మించిన వెడల్పున్న నాలాకీ 9 మీటర్లే, అంతకన్నా సన్నదానికి 2. పెద్ద చెరువు సంగతి అందరూ అడుగుతారు. కొంప ముంచేది మాత్రం లేఅవుట్ మధ్యలో ఎండిపోయి కనిపించే కుంట, దాన్నీ చెరువునీ కలిపే సన్న కాలువ.

మన దగ్గర 'నాలా' అంటే రెండర్థాలు. ఒకటి మురికి, వాననీళ్లు పోయే కాలువ. రెండోది వ్యవసాయ భూమిని ఇళ్ల స్థలంగా మార్చే కన్వర్షన్. "నాలా క్లియర్ ఉందా సార్?" అంటే "నాలా అయిపోయింది" అని ఏజెంట్ ధీమాగా చెప్తాడు. అతను చెప్పేది రెండోదాని గురించి. మీకు కావాల్సింది రెండూ.

చూసే పద్ధతి కష్టమేం కాదు. సర్వే నంబర్, సబ్‌డివిజన్‌తో సహా తీసుకోండి. హెచ్‌ఎండీఏ లేక్స్ వెబ్‌సైట్‌లో ఆ గ్రామం చెరువుల మ్యాపులున్నాయి, సర్వే నంబర్లతో సహా. నోటిఫికేషన్ ఫైనలా, ప్రిలిమినరీనా చూడండి. ప్రిలిమినరీ అయితే ఆ గీత ఇంకా అటూ ఇటూ జరగొచ్చు. తర్వాత గూగుల్ ఎర్త్‌లో పాత ఫోటోలు తిప్పండి. మే నెలవి చూసి లాభం లేదు, బాగా వానలు పడ్డ ఏళ్లలో అక్టోబర్, నవంబర్‌వి వెతకండి. పాత పహాణీలో (భూమి రికార్డులో) 'శిఖం' అన్న మాట కనిపిస్తే అక్కడే ఆగిపోండి. శిఖం పట్టా అంటే పట్టా ఉన్నమాట నిజమే, కానీ చెరువు కడుపులో ఉన్న భూమి. నీళ్లు దిగినప్పుడు సాగు చేసుకోవడానికే, ఇళ్లు కట్టడానికి కాదు. నీటి పక్క ప్రాజెక్టయితే నీటిపారుదల శాఖ ఎన్‌ఓసీ కాపీ అడగండి, ఇవ్వకపోతే వెనక్కి తిరగండి.

జీవో 111 ఇంకో కథ. 1996లో వచ్చింది. ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ జలాశయాల చుట్టూ పది కిలోమీటర్ల పరిధిలో 84 గ్రామాల్లో కట్టడాల మీద ఆంక్షలు పెట్టింది. 2022లో ఆంక్షలు సడలిస్తూ జీవో 69 ఇచ్చారు, 2023 మేలో కేబినెట్ ఎత్తేస్తామంది. ఏజెంట్ దీన్ని "ఎత్తేశారు సార్, ఇక రేటు డబులే" అని ఒక్క ముక్కలో చెప్తాడు. కేబినెట్ మాట చూసి డబ్బు కట్టకండి. ఆ సర్వే నంబర్‌కి మాస్టర్ ప్లాన్‌లో ఏ జోన్ ఉంది, ఇవాళ అక్కడ ఎన్ని అంతస్తులకి పర్మిషన్ ఇచ్చారు, ఈ రెండిటికీ కాగితం చూపించమనండి.

మంచిరేవుల వైపు చూస్తున్నవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. ఉస్మాన్‌సాగర్‌కి 15 గేట్లు. పైన వికారాబాద్ వైపు గట్టి వానపడి గేట్లెత్తారంటే నార్సింగి–మంచిరేవుల మధ్య ఔటర్ సర్వీస్ రోడ్డు మూసేస్తారు. అప్పుడు చుట్టూ తిరగాల్సిందే. కొనబోయే ఇంటికీ ఆఫీసుకీ మధ్య ఆ రోడ్డుందా అన్నది వాన కురిసే వారంలోనే వెళ్లి చూడాలి. అలాగే ఆదివారం సాయంత్రం గండిపేట రోడ్డు, చిలుకూరు రోడ్డు ఓసారి తిరిగి రండి. ఊరంతా పిక్నిక్‌కి వచ్చేది మీ వీధి మీదుగానే.

ఇంత నీళ్ల పక్కన ఉండి నీళ్లు కొనుక్కునే టవర్లున్నాయంటే నవ్వొస్తుంది కానీ, చెరువు నీళ్లు మీ సంపులోకి రావు. జలమండలి కనెక్షన్ వచ్చిందా, ఎన్ని కిలోలీటర్లకి, ఎస్టీపీ (మురుగునీటి శుద్ధి ప్లాంటు) నిజంగా నడుస్తోందా అడగండి. బిల్డర్‌ని కాదు, పక్క టవర్ వాచ్‌మన్‌ని. మార్చి నుంచి మే దాకా రోజుకి ఎన్ని ట్యాంకర్లొస్తాయో అతనికి తెలుసు. మెయింటెనెన్స్ ఎస్ఎఫ్‌టీకి 4 రూపాయలన్నా 1,800కి నెలకి 7,200. ట్యాంకర్ల ఖర్చు తరచూ దీనికి పైన వేస్తారు.

కాగితాల్లో జనం ఎక్కువగా మర్చిపోయేది తనఖా ఫ్లాట్లు. ప్లాన్ ప్రకారం కడతామన్న హామీగా బిల్డర్ కట్టే విస్తీర్ణంలో 10 శాతం అనుమతిచ్చే సంస్థకి తనఖా పెడతాడు, ఓసీ (కట్టడం పూర్తయ్యాక ఇచ్చే నివాస అనుమతి) వచ్చాకే విడిపిస్తారు. మీ ఫ్లాట్ నంబర్ ఆ పది శాతంలో ఉందేమో ఈసీలో (అమ్మకాలు, తనఖాల రికార్డులో) చూడండి. ప్లాన్ తప్పి కట్టి ఓసీ రాకపోతే ముందు ఇరుక్కునేది ఆ ఫ్లాట్లే.

ప్రీలాంచ్, అంటే అనుమతులు రాకముందే అమ్మడం, దీని గురించి ఒక్క ముక్క. రెరా నంబర్ లేకుండా ప్రకటన ఇవ్వడమే తప్పు. రిజిస్టర్డ్ అగ్రిమెంట్ కాకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. "ఫుల్ పేమెంట్ చేస్తే సగం రేటు" అన్నవాడి దగ్గర చాయ్ తాగి లేచి వచ్చేయండి.

చివరగా, బ్రోచర్ పారేయకండి. ప్రకటనలో అబద్ధం చెప్పి అడ్వాన్స్ తీసుకుంటే పరిహారం అడగొచ్చని రెరా చట్టంలో సెక్షన్ 12 ఉంది. తేదీ వేసి వాట్సాప్ మెసేజీలతో సహా దాచండి. అగ్రిమెంట్ డ్రాఫ్ట్ వచ్చినప్పుడు 'లేక్ వ్యూ' అన్న మాట అందులో రాయమనండి. రాయరు. రాయనిదానికి 5.4 లక్షలు ఎందుకివ్వాలని అడగండి. అసలు బేరం అక్కణ్నుంచి మొదలవుతుంది.