చీమకుర్తి లేత్‌లో విమానం ముక్క

చీమకుర్తిలో గ్రానైట్ క్వారీల పనులు చూసే లేత్ షాపు దగ్గర ఓ గంట నిలబడితే మనవాళ్ల చేతిపనికి కొదవ లేదని తెలిసిపోతుంది. డ్రాయింగ్ అడగరు, విరిగిన షాఫ్టే వాళ్లకు డ్రాయింగ్. అందుకే సొంతంగా చిన్న విమానం కట్టుకోవాలనే కుర్రాడికి "పార్టులు ఇక్కడే చేయించుకో" అని చెప్పబుద్ధవుతుంది. చేయించుకోవచ్చు. కాకపోతే అక్కడ అడ్డం వచ్చేది చేతకానితనం కాదు, ఇన్నాళ్లూ పనికొచ్చిన అలవాట్లే.

వెల్డింగ్ సంగతే చూడండి. కస్టమర్ తొందరపెడుతుంటే ఎర్రగా ఉన్న అతుకు మీద బకెట్ నీళ్లు గుమ్మరిస్తారు. ఇంటి గేటుకు దానివల్ల పెద్ద నష్టం లేదు. విమానం ఫ్రేముకు వాడే 4130 క్రోమోలీ (క్రోమియం, మాలిబ్డినం కలిపిన స్టీలు) గొట్టం అలా కాదు. ఒక్కసారిగా చల్లారిస్తే అతుకు పక్కన పెళుసెక్కుతుంది, పైకి మాత్రం నిగనిగలాడుతూనే ఉంటుంది. ఫ్యాన్ గాలి కూడా తగలకుండా దానంతట అది ఆరాలి.

అల్యూమినియం రేకుతో ఇంకో తంటా. స్క్రైబర్‌తో గీత గీసి, ఆ గీత మీదే మడిచేస్తాం. విమానాలకు వాడే 2024-టీ3 రకం రేకు మీద ఆ సన్నని గీతే పగులుకు మొదలు. అందుకే మార్కర్ పెన్నుతో గీసి, మడతను రేకు మందానికి మూడు నాలుగు రెట్ల వ్యాసార్ధంతో గుండ్రంగా తిప్పాలి.

పేరున్న కంపెనీలే ఇక్కడ దెబ్బతిన్నాయి. సొంతంగా విమానం కట్టుకునేవాళ్లకు విడిభాగాలమ్మే అమెరికా కంపెనీ వ్యాన్స్ ఎయిర్‌క్రాఫ్ట్ కిట్లలో లేజర్‌తో కోసిన రివెట్ రంధ్రాలను డింపుల్ చేస్తే (రివెట్ తల ఒదిగేలా అంచును గుంటగా నొక్కితే) కొన్ని పగుళ్లిచ్చాయి. మిగతా కష్టాలూ తోడై 2023 డిసెంబరులో ఆ కంపెనీ దివాలా రక్షణ కోరింది.

అన్నిటికన్నా పెద్ద లోటు కాగితం. స్క్రాప్‌లో కొన్న రాడ్‌ను "మంచి స్టీలేనండి" అంటే నమ్మి లారీకి వేస్తాం. విరిగితే లారీని హైవే పక్కన ఆపుకుంటాం. విమానానికి ఆ పక్క ఉండదు కాబట్టి గ్రేడ్ చెప్పే మిల్ సర్టిఫికెట్ కావాలి. ముంబైలో మేడ మీద విమానం కట్టిన అమోల్ యాదవ్ దాన్ని 2016లో జనానికి చూపించినా, పౌర విమానాలకు అనుమతులిచ్చే ప్రభుత్వ సంస్థ డీజీసీఏ రిజిస్ట్రేషన్ 2017 నవంబరులో గానీ రాలేదు. ఆ జాప్యాన్ని నేను వెనకేసుకురాను. అలాగని "ఈ లోహం ఏమిటి?" అనే ప్రశ్నను తప్పుపట్టలేను.

కుర్రాళ్లకు నేను చెప్పేదొకటే. షాపుకు పార్టు పని ఇచ్చేముందు అదే గొట్టం ముక్కలు రెండు అతికించి, వైస్‌లో బిగించి విరగ్గొట్టమనండి. అతుకు దగ్గర పుటుక్కుమంటే దణ్ణం పెట్టి వచ్చేయండి. అతుకు నిలబడి గొట్టమే వంగితే కూర్చుని రేటు మాట్లాడుకోండి.