మేజిస్ట్రేట్ ఆర్డర్ అక్కర్లేదు

మానసిక రోగిని ఆస్పత్రిలో చేర్చాలంటే మేజిస్ట్రేట్ ఆర్డర్ తప్పనిసరని ఒక వ్యాసంలో రాశారు. మేజిస్ట్రేట్ ఆర్డర్‌తో చేర్చే పద్ధతి 1987 మానసిక ఆరోగ్య చట్టం నాటిది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 89వ సెక్షన్ కింద నామినేటెడ్ ప్రతినిధి (తన తరఫున ఉండమని రోగి రాసిచ్చిన మనిషి) అర్జీ ఇస్తే మేజిస్ట్రేట్ దాకా వెళ్లక్కర్లేదు. రోగి ముందుగా ఎవరినీ రాసివ్వకపోతే బంధువే ప్రతినిధి. ఒక సైకియాట్రిస్టు, ఆయనతో పాటు మరో మానసిక ఆరోగ్య నిపుణుడు గానీ డాక్టరు గానీ విడివిడిగా పరీక్షించాలి, అదీ చేర్చే రోజు గానీ అంతకుముందు ఏడు రోజుల్లో గానీ. ఈ సెక్షన్ కింద 30 రోజుల దాకా ఉంచుకోవచ్చు.

ఎక్కువగా తేడా కొట్టేది ఇక్కడే: ఇంట్లోవాళ్లు "నిద్రపోడు, ఏదేదో వాగుతాడు" అంటారు. దానితో పని జరగదు. ఈమధ్య తనకు హాని చేసుకోబోయాడా, ఇంకొకరి మీద పడ్డాడా, తిండీ స్నానం చూసుకోలేక ప్రమాదంలో పడ్డాడా, వీటిలో ఒకటైనా కేస్ షీట్లోకి ఎక్కాలి. ఏ రోజు ఏం జరిగిందో కాగితం మీద రాసుకెళ్లండి.

అర్ధరాత్రి ముదిరితే నెల్లూరు, ఒంగోలు దాకా పరిగెత్తక్కర్లేదు. 94వ సెక్షన్ ప్రకారం ఆత్మకూరు, కందుకూరు ప్రభుత్వాస్పత్రిలో మామూలు ఎంబీబీఎస్ డాక్టరైనా ప్రతినిధి ఒప్పుకుంటే 72 గంటల వరకు అత్యవసర వైద్యం చేయొచ్చు. షాక్ ట్రీట్‌మెంట్ మాత్రం అందులో కుదరదు.

నయమవుతుందని నెల్లూరు జిల్లా ఏఎస్‌పేట దర్గాకు తీసుకెళ్తారా, మీ నమ్మకం మీది. గొలుసు మాత్రం వేయకండి, 95వ సెక్షన్ ఏ రూపంలోనూ ఒప్పుకోదు. మాత్రలూ ఆపకండి. సలహాకు ప్రభుత్వ ఫోన్ సేవ టెలీ మానస్ 14416, తెలుగులోనే మాట్లాడతారు.